బిషప్పు దిద్దినా చెరగని మాట

ఇంట్లో మనిషి పోయాక మిగిలినవాళ్లు ఉండే స్థితికి ఫ్రెంచిలో ఒక మాట ఉంది. పలకడం మనకు కాస్త ఇబ్బంది. పెదాలు ‘ఒ’ అనబోతున్నట్టు గుండ్రంగా పెట్టి, లోపల మాత్రం ‘ఎ’ అని, చివర ‘య్’ తగిలించాలి. తెలుగులో ‘దెయ్’ అని రాసుకుని సరిపెట్టుకుందాం. ఆ ఒక్క మాటకే దుఃఖం అని అర్థం, దుఃఖంలో కట్టుకునే నల్లబట్టలని అర్థం, ఆ బట్టలు కట్టాల్సిన గడువని అర్థం. శవం వెనక నడిచే బంధువుల వరసని కూడా అదే మాటతో పిలిచేవాళ్లు.

నేను ఉద్యోగం కోసం ఫ్రెంచి నేర్చుకున్నవాణ్ణి. క్లయింట్ల మెయిళ్లు, కాంట్రాక్టులు చదవడం నా పని. కాంట్రాక్టుల్లో ఈ మాట తగలదు కాబట్టి చాలాకాలం దాని జోలికి పోలేదు. నాన్న పోయినప్పుడు అక్కడివాళ్లు రాసిన పరామర్శల్లో కనబడింది. అప్పటినుంచి నన్ను వదల్లేదు. నిఘంటువుల్లో దాని పుట్టుక చదివాను, దాని మీద ఇతరులు రాసినవీ చదివాను. చదివేకొద్దీ ఒక వాదన మీద చిరాకు పెరిగింది. ఇదంతా రాయడానికి ఆ చిరాకే కారణం.

ఆ వాదన ఇది. ‘దెయ్’ అన్న మాట లాటిన్‌లో ‘నొప్పెట్టడం’ అనే క్రియలోంచి వచ్చింది. కాబట్టి దాని అసలు అర్థం లోపలి బాధ. నల్లబట్టలు, గడువులు, ఊరేగింపులు తర్వాతెప్పుడో వచ్చి చేరిన ఆర్భాటం. మాటని దాని మూలానికి తీసుకెళ్తే దుఃఖం అసలు స్వరూపం బయటపడుతుంది, అది నలుగురికీ చూపించుకునేది కాదని తెలుస్తుంది. వినడానికి బాగానే ఉంటుంది. ‘బాధ మనసులో ఉంటే చాలు, ఈ తంతులన్నీ ఎందుకు’ అనేవాళ్లు మన ఇళ్లలోనూ తక్కువేం కాదు. కానీ ఈ వాదన నాకు రెండు చోట్ల తేలిపోయినట్టు కనిపిస్తుంది. మొదటిది, మాట చరిత్ర అలా నడవలేదు. రెండోది, నడిచిందే అనుకున్నా, మాట ఎక్కడ పుట్టిందో తెలిసినంత మాత్రాన దుఃఖం అంటే ఏమిటో తెలిసిపోదు.

ముందు చరిత్ర చూద్దాం. లాటిన్‌లో ‘దొలేరె’ అంటే నొప్పెట్టడం. ఈ క్రియని కొందరు భాషావేత్తలు చెక్కడం, చీల్చడం అనే పాత ధాతువుతో కలుపుతారు. గుండె పగలడం అనే మాట ఉన్న మనకు అది వెంటనే నచ్చేస్తుంది, అందుకే దాన్ని కాస్త అనుమానించడం మంచిది. చదువుకున్నవాళ్ల లాటిన్‌లో నొప్పికి మాట ‘దొలోర్’. దానికి దగ్గరగా వినబడే ఇంకో మాట ఉంది, ‘దొలుస్’. దాని అర్థం మోసం, కపటం. జనం నోట్లో ఈ రెండూ కలిసిపోయాయి. దొలోర్ అనాల్సిన చోట దొలుస్ అనడం అలవాటైపోయింది.

అలా అనేవాళ్లని మనకెలా తెలుసంటే, వాళ్లని దిద్దిన మనిషి ఉన్నాడు. ఇప్పటి అల్జీరియాలో అన్నాబా అనే రేవు ఊరు ఉంది. అప్పట్లో దాని పేరు హిప్పో. అక్కడ బిషప్పు అగుస్తీను. ఆయన బిషప్పు కాకముందు కార్తేజ్‌లోనూ రోమ్‌లోనూ మిలాన్‌లోనూ వక్తృత్వం నేర్పిన పంతులు. క్రీ.శ. 406, 407 ప్రాంతంలో యోహాను సువార్త మీద వరసగా ప్రసంగాలు చేస్తూ, నతనయేలుని చూసి యేసు అన్న మాట దగ్గరికి వచ్చాడు. మన తెలుగు బైబిల్లో అది ‘ఇతనియందు ఏ కపటమును లేదు’ అని ఉంటుంది. లాటిన్‌లో ఆ కపటమే దొలుస్. ఎదురుగా నిలబడి వింటున్న రేవు జనానికి అది ‘ఇతనికి ఏ నొప్పీ లేదు’ అని వినబడే ప్రమాదం ఉంది. అందుకని బిషప్పుగారిలోని పాత పంతులు నిద్రలేచాడు. లాటిన్ అంతగా రాని మన సోదరులు చాలామంది, దొలోర్ అనాల్సిన చోట ‘దొలుస్ వాణ్ణి పీడిస్తోంది’ అంటుంటారు, దొలుస్ అంటే కపటం సుమా అని విడమరిచి చెప్పాడు.

ఆ సోదరులు వినలేదు. ఆ ఊళ్లోవాళ్లే కాదు, పశ్చిమ రోమన్ సామ్రాజ్యంలో మామూలు జనం ఎక్కడా వినలేదు. వాళ్లు తప్పుగా పలికిన దొలుస్సే కొన్ని వందల ఏళ్లకు ఫ్రెంచిలో ‘దోల్’, ‘దుఎల్’ అయి, చివరికి ‘దెయ్’ అయింది. బిషప్పుగారి ఒప్పు దొలుస్ కూడా బతికే ఉంది, కానీ లాయర్ల దగ్గర. అవతలివాణ్ణి మోసగించి కాంట్రాక్టు మీద సంతకం పెట్టించుకోవడాన్ని ఫ్రెంచి సివిల్ కోడ్ ఇప్పటికీ ‘దోల్’ అంటుంది. నా ఉద్యోగంలో నాకు రోజూ తగిలేది ఆ దోలే. ఆయన గెలిచింది కోర్టులో, మిగతా ఇళ్లన్నీ ఆయన దిద్దినవాళ్లే గెలుచుకున్నారు.

అగుస్తీనుకి సంబంధించిందే ఇంకో సంగతి ఇక్కడ చెప్పాలి. మాటల మూలాలతో దుఃఖాన్ని అర్థం చేసుకోవచ్చు అనేవాళ్లు తప్పక తెలుసుకోవాల్సింది. 387లో ఆయన తల్లి మోనికా రోమ్ దగ్గర ఓస్తియా అనే రేవు ఊళ్లో జబ్బుచేసి పోయింది. ఆవిడ కళ్లు మూసింది ఆయనే. ఏడుపు పొంగుకొస్తుంటే బలవంతంగా ఆపుకున్నాడు. ఆయన కొడుకు, ఇంకా కుర్రవాడు, గొల్లుమంటే అందరూ కలిసి ఊరుకోబెట్టారు. పరలోకానికి వెళ్లిన తల్లి కోసం శోకాలు పెట్టడం తగదని వాళ్ల నమ్మకం. ఖననం అయింది, ఆయన ఏడవలేదు. కానీ లోపల బరువు దిగలేదు. అప్పుడు ఆయనకు ఎక్కడో విన్న వ్యుత్పత్తి ఒకటి గుర్తొచ్చింది. స్నానానికి గ్రీకువాళ్లు పెట్టిన పేరు, మనసులోని బెంగని వెళ్లగొడుతుంది అనే అర్థంలోంచి వచ్చిందట. సరే అని స్నానాలగదికి వెళ్లి స్నానం చేశాడు. చేసి వచ్చాక ఎలా ఉన్నాడంటే, చేయకముందు ఎలా ఉన్నాడో అలాగే ఉన్నానని ఆయనే రాసుకున్నాడు. ఆ తర్వాత పడుకుని లేచి, మంచం మీద ఒంటరిగా తల్లికి తెలిసిన కీర్తన ఒకటి తలుచుకుని అప్పుడు ఏడ్చాడు.

వ్యుత్పత్తిని నమ్మి స్నానం చేసిన మనిషి ఇంకొకరు చరిత్రలో ఉన్నారో లేదో గానీ, నా వాదనకు ఈయనొక్కడు చాలు. అన్నట్టు ఆ వ్యుత్పత్తి తప్పు కూడా.

అదే దొలుస్ మిగతా భాషల్లో ఏమైందో చూస్తే మూలం మాట ఇంకా పలచబడిపోతుంది. రొమేనియాలో అది ‘దోర్’ అయింది. దూరమైన మనిషి కోసం, ఊరి కోసం పడే బెంగ అని అర్థం. అక్కడి జానపదాల్లో ఆ మాట లేని పాట వెతుక్కోవాలి. పోర్చుగీసులో ‘దో’ అయింది, జాలి అని అర్థం. స్పానిష్‌లో ‘దుఎలో’, అదే స్పెల్లింగుతో ఇద్దరు కత్తులు దూసి తలపడే పోటీ కూడా ఉంది, కానీ దాని పుట్టుక వేరు. ఒకే తప్పు మాట ఒకచోట బెంగ, ఒకచోట జాలి, ఒకచోట నల్లబట్ట. మూలంలో నిజం దాగుంటే నలుగురు పిల్లలకీ అదే ముఖం రావాలి కదా.

ఇప్పుడు ఫ్రెంచికి వద్దాం. సుమారు 1100 నాటి రోలాఁ వీరగాథలో ఈ మాట ‘దొఎల్’ రూపంలో పదేపదే వస్తుంది. రోంస్వో కనుమలో తన సేన చచ్చిపడి ఉండటం చూసి చార్లమేన్ చక్రవర్తి గడ్డం పీక్కుంటూ ఏడుస్తాడు. ఆయన వెనక ఇరవై వేలమంది నేలమీద పడి మూర్ఛపోతారు. కవి లెక్కలు మనం పట్టించుకోనక్కర్లేదు. చూడాల్సింది ఆ కాలపు వాడుక. అప్పట్లో దొఎల్ ‘పడేది’ మాత్రమే కాదు, ‘చేసేది’ కూడా. దుఎల్ చేయడం అంటే గుండెలు బాదుకుని, జుట్టు పీక్కుని, అందరికీ వినబడేలా ఏడవడం. మన ‘శోకాలు పెట్టడం’ అచ్చం అదే. మాట ఫ్రెంచిలో కళ్లు తెరిచిన తొలిరోజుల్లోనే అది నలుగురి మధ్య ఉంది. లోపలిది ముందు, బయటిది తర్వాత అనే వరస ఎక్కడా లేదు.

చివరి ‘య్’ శబ్దం సంగతి కూడా ఒకటి ఉంది. సహజంగా మారి ఉంటే ఆ మాట ‘ల్’తో ముగియాలి. అయితే పాత ఫ్రెంచిలో ఈ మాట బహువచనం, కన్ను అనే మాట బహువచనం దాదాపు ఒకేలా వినబడేవి. కన్ను ఏకవచనంలో చివర మెత్తటి ‘ల్య్’ ఉండేది. దాన్ని చూసి జనం దీనికీ అదే తోక తగిలించారు. 15వ శతాబ్దానికి ‘దెయ్’ రూపం వచ్చేసింది. అంటే ముందు హిప్పో సోదరుల పొరపాటు, తర్వాత కన్నుతో పోలిక. రెండు పొరపాట్ల మీద నిలబడ్డ మాటలో స్వచ్ఛమైన అసలు అర్థం కోసం తవ్వేవాళ్లని చూస్తే నాకు జాలేస్తుంది. పారిస్‌కి ఉత్తరాన సరిగ్గా ఇవే అక్షరాలతో ఒక ఊరుంది. రెండో క్రూసేడ్‌లో రాజు వెంట వెళ్లి ఆ ప్రయాణం రాసిన సన్యాసి ఓదోది ఆ ఊరే. ఆ పేరుకీ దుఃఖానికీ ఏ సంబంధమూ లేదు. అర్జాంతెయ్, ఒతెయ్ ఊళ్ల పేర్లలో వచ్చే పాత గాలిష్ (రోమన్లు రాకముందు అక్కడివాళ్ల భాష) ప్రత్యయమే ఇందులోనూ ఉంది, అడవి కొట్టి చదును చేసిన చోటని అర్థం. అక్షరాలు కలిశాయని చుట్టరికం కలిపితే ఊరంతా ఏడ్వాలి.

ఇక బట్టలు. మన సినిమాల్లో ఫ్రెంచివాళ్ల చావు అనగానే నలుపు చూపిస్తారు గానీ, ఫ్రాన్సు రాణులు చాలాకాలం భర్త పోతే తెల్లబట్టే కట్టేవాళ్లు. అందుకే వాళ్లకి ‘తెల్లరాణులు’ అని పేరు. అప్పటి చిత్రకారుడు ఫ్రాంస్వా క్లూయే గీసిన రాణి మేరీ స్టువర్ట్ బొమ్మలో తల చుట్టూ పల్చటి తెల్లముసుగు కనిపిస్తుంది, అది ‘తెల్ల దెయ్’. తెల్లచీర వితంతువుని చూసి పెరిగిన మన కళ్లకి ఆ బొమ్మ వేరేలా తగులుతుంది. 1559లో భర్త రెండో హెన్రీ పోయాక కాథరిన్ ద మెదిచీ నల్లబట్ట కట్టి, బతికినంతకాలం దాన్ని విడవలేదు. రాజుల దెయ్‌కి మాత్రం ఊదారంగు. తర్వాత తర్వాత ఇదంతా లెక్కల్లోకి దిగింది. ఎవరు పోతే ఎన్నాళ్లు, ఏ గుడ్డ, నలుపు నుంచి బూడిదరంగుకి ఎప్పుడు దిగొచ్చు, నగలు ఎప్పుడు పెట్టొచ్చు అన్నీ రాసిపెట్టుకున్నారు. రాజుగారి చుట్టాల్లో ఎవరో పోయినప్పుడల్లా కొలువంతా నల్లబడితే లియోఁ పట్టునేతగాళ్ల రంగుల సరుకు కొనేదెవరు? 1716లో గడువులన్నిటినీ సగానికి కోస్తూ రాజశాసనమే వచ్చింది.

నాకు అన్నిటికంటే నచ్చింది 1804 నాటి సివిల్ కోడ్‌లోని 1481వ ఆర్టికల్. భార్య ‘దెయ్’ ఖర్చు పోయిన భర్త వారసులు పెట్టుకోవాలి, ఎంత ఖర్చన్నది భర్త ఆస్తిని బట్టి ఉంటుంది అంటుంది అది. ఇక్కడ దెయ్ అంటే బాధ కాదు, నల్లబట్టల బిల్లు. మూలవాదులు దీన్ని చూసి ముక్కు చీదరించుకుంటారు. నేను వేరేలా చదువుతాను. పెట్టెలో డబ్బంతా కొడుకులు పంచేసుకుని, ఆవిణ్ణి పాతబట్టల్లో నలుగురి ముందు నిలబెట్టకుండా చట్టం అడ్డుపడుతోంది. దుఃఖం లోపలిది మాత్రమే అనుకుంటే ఆవిడకి ఈ హక్కు ఉండేది కాదు.

ఈ కోడ్ తెలుగుగడ్డ మీదకీ వచ్చింది. 1954 దాకా ఫ్రెంచివాళ్ల చేతిలో ఉన్న యానాంలో, పుదుచ్చేరితో పాటే, 1819లో ఫ్రెంచి చట్టాలు ప్రకటించారు. అయితే ఇక్కడివాళ్ల పెళ్లి, వారసత్వం, చావు వ్యవహారాలు వాళ్ల వాళ్ల కులాచారాల ప్రకారమే నడవాలన్నారు. 1881లో ఇంకో శాసనం వచ్చింది. ఇష్టమైనవాళ్లు ఆ ఆచారపు హోదా వదులుకుని సివిల్ కోడ్ కిందికి రావచ్చు. యానాంలో ఎవరైనా అలా వదులుకుంటే, కాగితం మీద ఆ తెలుగు ఇల్లాలికి కూడా భర్త ఆస్తిలోంచి ‘దెయ్’ రావాల్సిందే. గోదావరి ఒడ్డున అప్పట్లో ఆవిడ కట్టుకోబోయేది నల్లగౌను కాదు, తెల్లచీర. అది ఏ పద్దు కింద రాస్తారో చూడాలని నాకు సరదా.

మాట అంతగా బట్టల్లోకి దిగిపోయాక వంటింట్లోకీ వీధిలోకీ కూడా పోయింది. గోళ్లలో మట్టి పట్టి నల్లగా ఉంటే ‘నీ గోళ్లు దెయ్‌లో ఉన్నాయి’ అంటారు. కోడి చర్మం కింద నల్ల ట్రఫుల్ (నేలలో పెరిగే పుట్టగొడుగు లాంటిది) ముక్కలు దూర్చి ఉడికించే లియోఁ వంటకం పేరు ‘సగం దెయ్ కోడి’, తెలుపులోంచి నలుపు కనబడుతుంది కాబట్టి. తెలుపూ నలుపూ గళ్ల రెక్కల సీతాకోకచిలుక ఒకటి ఉంది, దాని పేరూ ‘సగం దెయ్’.

ఇంతకీ బట్ట ఎందుకు కావాలి? నా అనుభవం చెప్తాను. నాన్న కర్మలయ్యాక ఆఫీసుకి వెళ్లాను. తల మీద గుండు. లిఫ్టులో ఒకాయన నవ్వుతూ భుజం తట్టి, “ఏం సార్, తిరుపతా? లడ్డూ ఏదీ?” అన్నాడు. ఆయన తప్పేం లేదు. మన దగ్గర గుండుకి రెండు అర్థాలు, పైగా మొక్కు గుండ్లే ఎక్కువ కనిపిస్తాయి. నేను “లేదండీ, నాన్నగారు పోయారు” అన్నాను. ఆయన ముఖం పాలిపోయింది. సారీ మీద సారీ చెప్పాడు. నా ఫ్లోరు వచ్చేదాకా ఆయన్ని ఓదార్చాల్సి వచ్చింది. మధ్యాహ్నం క్యాంటీన్‌లో ఇంకొకరు, సాయంత్రం సెక్యూరిటీ దగ్గర మరొకరు. అదే లడ్డూ, అదే సారీ. మూడోసారికి నేను “అవునండీ, తిరుపతే” అనేశాను. ఎదుటివాళ్ల ముఖం చూసే ఓపిక అయిపోయింది.

ఆ రోజుల్లో నేను కోరుకున్నది చిన్నది. నోరు తెరవకుండా విషయం తెలిసేలా ఏదో ఒకటి ఒంటి మీద ఉండాలి. చేతికి నల్లగుడ్డ ముక్క కట్టుకునే ఫ్రెంచి గుమాస్తాకి అది ఉండేది. అది చూసినవాడు జోకు వేయడు, పార్టీకి పిలవడు, గట్టిగా అరవడు. ఎక్కువ మాట్లాడనక్కర్లేదని రెండువైపులా తెలుసు. లోపల ఎంత బాధ ఉందో ఆ గుడ్డ చెప్పదు, చెప్పాల్సిన పనీ లేదు. అత్తగారు పోయిందని లోలోపల సంతోషిస్తున్నవాడు కూడా కట్టుకునేవాడు. దాన్ని వేషం అంటారు. అననివ్వండి. బాధ ఉన్నవాడు రోజుకి పదిసార్లు దాన్ని నిరూపించుకోవాల్సిన అవస్థ తప్పాలంటే, లేనివాడు కూడా కట్టుకునే గుడ్డ ఒకటి ఉండాలి.

ఇక్కడే నా వాదనకి ఉన్న పెద్ద చిల్లు కూడా ఒప్పుకోవాలి. ఈ గుడ్డల బరువు ఎప్పుడూ ఆడవాళ్ల మీదే పడింది. 18వ శతాబ్దపు ఫ్రెంచి లెక్కలో భర్త పోతే భార్యకి ఏడాది మీద ఆరు వారాలు, భార్య పోతే భర్తకి ఆరు నెలలు. వితంతువు పది నెలల దాకా మళ్లీ పెళ్లి చేసుకోకూడదని 1804 కోడ్‌లో ఉంది. పుట్టబోయే బిడ్డకి తండ్రెవరన్న గొడవ రాకూడదని దానికి కారణం చెప్పేవారు, గర్భపరీక్షలు వచ్చాక కూడా 2004 దాకా ఆ నిషేధం తీసేయలేదు. మన దగ్గర సంగతి నేను చెప్పక్కర్లేదు. పదో రోజు మా ఇంటికొచ్చిన పెద్దవాళ్లు అమ్మ గాజుల గురించి, బొట్టు గురించి ఎత్తారు. నేనూ చెల్లీ అడ్డంగా నిలబడ్డాం. అమ్మ మా ఇద్దరి మాటా వినలేదు, వాళ్ల మాటా వినలేదు. మెట్టెలు తనే తీసి డబ్బాలో పెట్టుకుంది. బొట్టు మాత్రం తీయనంది. పిన్ని మొహం మాడ్చుకుంది.

నాకు గుర్తు కావాలంటాను, అమ్మకి వద్దంటాను, ఇదేం న్యాయం అని చెల్లి అడిగింది. నా జవాబు ఇప్పటికీ పూర్తిగా కుదరలేదు. కుదిరినంతవరకూ ఇది: గుడ్డ ముక్క మన చేతికి మనం కట్టుకుని, మనమే విప్పుకునేదై ఉండాలి. గాజు ఇంకొకరు పగలగొట్టేది. ఆ రెండిటినీ ఒకే గాటన కట్టి ‘బయటి గుర్తులన్నీ దండగ’ అంటే, గాజు పగలగొట్టేవాళ్లకి పోయేదేం లేదు. చేతికి గుడ్డ కట్టుకుని కాస్త ఊపిరి పీల్చుకునేవాడికే నష్టం.

ఫ్రాన్సులో ఆ గుడ్డ ఎలా పోయిందంటే, ఎక్కువమంది కట్టుకోవడం వల్ల. మొదటి ప్రపంచయుద్ధంలో ఫ్రాన్సుకి సుమారు 14 లక్షల మంది సైనికులు పోయారు. దాదాపు 6 లక్షల మంది వితంతువులు మిగిలారు. వీధి వీధంతా నలుపైతే ఇక గుర్తేముంటుంది? యుద్ధం తర్వాత మెల్లమెల్లగా గడువులు తగ్గాయి, ముసుగులు పోయాయి, చివరికి బట్టలూ పోయాయి.

సరిగ్గా ఆ కాలంలోనే మాటకి కొత్త బతుకు దొరికింది. 1917లో మనోవిశ్లేషణ మొదలుపెట్టిన డాక్టరు ఫ్రాయిడ్ దుఃఖం, విషాదరోగం మీద జర్మన్‌లో ఒక వ్యాసం అచ్చువేశాడు. పోయినవాళ్ల నుంచి మనసు తనని తాను కొంచెం కొంచెంగా విడిపించుకునే ప్రక్రియని అందులో ‘దుఃఖపు పని’ అన్నాడు. ఫ్రెంచిలో అది ‘త్రవాయ్ ద్యు దెయ్’ అయింది. దాన్ని పట్టుకుని పత్రికలు, టీవీ డాక్టర్లు, మేనేజర్లు అందరూ ‘దెయ్ చేసుకోవాలి’ అనడం మొదలుపెట్టారు. తమాషా ఏమిటంటే, ‘దాని మీద దెయ్ చేసుకో’ అనే పలుకుబడి వాడుకలో ముందునుంచే ఉంది. దానర్థం ఆశ వదులుకో అని. అప్పిచ్చిన డబ్బు గురించి, రాని ప్రమోషన్ గురించి అలా అంటారు. మనం తిలోదకాలిచ్చేశాం అన్నట్టే, చావు తంతులోంచి పుట్టి చావుతో పనిలేకుండా తిరుగుతున్న మాట. ఇప్పుడు అదే పలుకుబడిని మనుషుల మీద వాడుతున్నారు. మీ అమ్మ మీద దెయ్ పూర్తిచేశారా? ఇంకా చేయలేదా? ఎంతవరకు వచ్చింది?

పాత గడువుల్ని వెక్కిరించేవాళ్లు ఇక్కడ కాస్త ఆగి చూడాలి. పాత లెక్క నల్లగౌను ఎప్పుడు విప్పాలో చెప్పేది గానీ, బాధ ఎప్పుడు ఆగాలో చెప్పేది కాదు. ఏడాది మీద ఆరు వారాలయ్యాక రంగుచీర కట్టుకుని, లోపల ఎంత ఏడ్చుకున్నా ఎవరూ అడిగేవాళ్లు కారు. కొత్త లెక్కకి బయట గుర్తేమీ లేదు, గడువు మాత్రం లోపలికి జరిగింది. పైగా పూర్తిచేయకపోతే మార్కులు తక్కువ పడతాయి. ఫ్రాయిడే దీన్ని పూర్తిచేయలేదు. ఆయన కూతురు సోఫీ 1920లో ఇన్‌ఫ్లుయెంజా సోకి పోయింది. తొమ్మిదేళ్ల తర్వాత, 1929 ఏప్రిల్లో, కొడుకుని పోగొట్టుకున్న స్నేహితుడు బిన్స్‌వాంగర్‌కి ఉత్తరం రాస్తూ, ఆ తీవ్రత తగ్గుతుంది గానీ ఓదార్పు మాత్రం ఉండదు, ఆ ఖాళీలోకి మరొకరు రారు అన్నాడు. ఆ రోజు బతికుంటే తన కూతురికి 36 ఏళ్లు నిండేవని కూడా రాశాడు.

ఫ్రెంచి రచయిత రోలాఁ బార్త్ ఇంకా తెగేసి చెప్పాడు. 1977 అక్టోబరులో ఆయన తల్లి పోయింది. చిన్న చిన్న చీటీల మీద ఏదో రాసుకుంటూ ఉండేవాడు. నెల దాటాక ఒక చీటీ మీద, దెయ్ అనొద్దు, ఆ మాటలో మనోవిశ్లేషణ మరీ ఎక్కువైపోయింది, నేను దెయ్‌లో లేను, నాకు బాధగా ఉంది అని రాసుకున్నాడు. నొప్పి అనే అర్థంతో బయల్దేరిన మాట, నొప్పి ఉన్న మనిషే వద్దనుకునే స్థితికి వచ్చింది. మూలవాదులకి ఇది పతనం. నాకు మాత్రం మాటది తప్పనిపించదు. దాని ఒంటి మీద గుడ్డ తీసేసి చేతికి హోంవర్కు ఇచ్చినవాళ్లది తప్పు.

అయినా మాట ఊరుకోలేదు. ఈమధ్య మళ్లీ బయటికొచ్చి, ఈసారి కార్మిక చట్టంలో కూర్చుంది. 2020 జనవరిలో, బిడ్డ పోయిన ఉద్యోగికి 5 రోజులకి బదులు 12 రోజుల సెలవివ్వాలనే ప్రతిపాదనని ఫ్రెంచి పార్లమెంటులో అధికారపక్షం ఓడించింది. కంపెనీల మీద భారం పడుతుందన్నారు. దేశమంతా మండిపడింది, అధ్యక్షుడే తన ప్రభుత్వానికి మానవత్వం చూపించమని చెప్పాల్సి వచ్చింది. అదే ఏడు జూన్‌లో చట్టం తెచ్చారు. పాతికేళ్లలోపు బిడ్డ పోతే మామూలు సెలవు 7 రోజులు, దాని మీద ఇంకో 8 రోజులు. ఆ ఎనిమిది రోజులకి చట్టంలో పేరు ‘కొంజే ద దెయ్’, అంటే దెయ్ సెలవు. 2023లో మామూలు సెలవుని ఇంకా పెంచారు. తల్లో తండ్రో పోతే మాత్రం అక్కడ కూడా చట్టం ఇచ్చేది 3 రోజులే.

దీన్ని కూడా ఎగతాళి చేయొచ్చు, దుఃఖం ఎనిమిది రోజుల్లో తీరుతుందా అని. తీరుతుందని ఎవరన్నారు? 1716లో శాసనం రాసినవాళ్లూ అనలేదు, 2020లో చట్టం రాసినవాళ్లూ అనలేదు. ఆ ఎనిమిది రోజులూ ఎవరూ ఫోన్ చేసి ఫైలు అడక్కూడదన్నారు, అంతే. ఈ మాట చేయగలిగిన అన్ని పనుల్లోకీ నాకు ఇదే ఎక్కువ పనికొచ్చేదిగా కనిపిస్తుంది. హిప్పోలో రేవు జనం దాన్ని తప్పుగా పలకడం వల్ల దీనికి వచ్చిన లోటేమీ లేదు.

మా కంపెనీ హ్యాండ్‌బుక్‌లో బెరీవ్‌మెంట్ లీవ్ 3 రోజులు. మన కర్మలు పన్నెండో రోజుకి గానీ అవవు. మూడో రోజుకి మనవాళ్లు అస్థిసంచయనం దగ్గరే ఉంటారు. మిగతావన్నీ నేను ఎర్న్‌డ్ లీవ్‌లోంచి తీసుకున్నాను, మధ్యలో రెండు కాల్స్‌కి గుండుతోనే కెమెరా ఆపుకుని కూర్చున్నాను. పన్నెండు రోజులు చేయమని, ఏ మతంవాళ్లయినా, తంతు చేసినా చేయకపోయినా అందరికీ ఇవ్వమని ఈ మధ్యే హెచ్‌ఆర్‌కి పెద్ద మెయిల్ రాశాను. తంతు నమ్మని మా టీమ్ లీడ్ కూడా దాని మీద సంతకం పెట్టింది. వచ్చే పాలసీ రివ్యూలో పరిశీలిస్తామని జవాబొచ్చింది.